పద్నాలుగు పాటలూ వరసగా

ఆదివారం. ఉదయమే పోయిన కరెంటు పదకొండు దాటాక వచ్చింది. ఇంటావిడ చెల్లెలి ఊరు వెళ్లి ఇంకా రాలేదు కనుక వంట నాదే. నిన్న రైతుబజారులో కొన్న గోంగూర అప్పుడే వడలిపోతోంది, ఇవాళ పచ్చడి చేయకపోతే పారేయడమే. పళ్లెం ముందు పెట్టుకుని ఆకు గిల్లుతూ కూర్చున్నాను. ఈ పనిలో చేతులు తీరిక లేకుండా ఉంటాయి, చెవులు మాత్రం ఖాళీ.

అన్నయ్య కొడుకు ఈమధ్య నాకొక పాటల జాబితా పంపాడు. ఒకప్పటి ఇంగ్లీషు రాక్ బృందం బీటిల్స్‌లోని జాన్ లెనన్ బతికుండగా వచ్చిన చివరి ఆల్బమ్ ‘డబుల్ ఫాంటసీ’లోంచి, అతని భార్య యోకో ఓనో పాటలన్నీ ఏరేసి, లెనన్ పాడిన 7 మాత్రం మిగిల్చాడు. “బాబాయ్, ఇలా వినండి. అరగంటలోపు అయిపోతుంది, ఎక్కడా చిరాకు పుట్టదు” అని కింద రాశాడు. ఈ ఘనకార్యం చేసిన మొదటివాడు మావాడేమీ కాదు. ఆ రికార్డు బజారులోకి వచ్చిన నాటి నుంచీ లెనన్ అభిమానుల్లో చాలామంది చేస్తున్నది ఇదే. అప్పుడు గ్రామఫోను సూది ఎత్తి తర్వాతి పాట మీద పెట్టేవారు, ఇప్పుడు వేలితో నొక్కి దాటేస్తున్నారు. ఆ జాబితా విన్నాను. బాగానే ఉంది, కానీ ఏదో చప్పగా అనిపించింది. అందుకే ఇవాళ మొత్తం 14 పాటలూ వాళ్లిద్దరూ పేర్చిన వరసలోనే పెట్టాను.

మొట్టమొదట వినిపించేది గంట. చిన్న గంట, గలగలమని మూడుసార్లు. దాని వెనకే గిటారు, లెనన్ గొంతు. మామూలుగా ఎవరూ పట్టించుకోరు గానీ ఈ గంటకు ఒక పాత కథ ఉంది. 1970 డిసెంబరులో వచ్చిన, బీటిల్స్ నుంచి బయటపడ్డాక అతను చేసిన ఆల్బమ్ కూడా గంటతోనే మొదలవుతుంది. అది చర్చిలో ఎవరో పోయినప్పుడు మోగించే గంట. బరువుగా, ఆగి ఆగి మోగుతుంది. ఆ తర్వాత తల్లిని పిలుస్తూ పాట, చివరికి వచ్చేసరికి గొంతు చించుకుని అరుపు. ఆ చావుగంట నుంచి ఈ చిన్న గంట దాకా రావడానికి తనకు చాలా కాలం పట్టిందని లెనన్ స్వయంగా చెప్పుకున్నాడు. నన్ను పాత కొలతతో కొలవకండి అని పాటకన్నా ముందే చెప్పేశాడన్న మాట. విమర్శకులు అప్పటికీ ఆ పాత కొలతే తీశారు.

బీటిల్స్‌ను వదిలేస్తున్నానని అతను సహచరులతో అన్నది 1969 సెప్టెంబరులో. బయటికి మాత్రం పొక్కనివ్వలేదు. ఆ తర్వాతి అయిదారేళ్లలో ఆల్బమ్‌లు, ఊరేగింపులు, అమెరికా నుంచి పంపించివేయాలని చూసిన ప్రభుత్వంతో కేసులు, తాగుడు, యోకోతో ఎడబాటు, మళ్లీ కలవడం అన్నీ అయ్యాయి. 1975 అక్టోబరు 9న, తన పుట్టినరోజు నాడే, కొడుకు షాన్ పుట్టాడు. మరుసటి ఏడాది రికార్డు కంపెనీతో ఒప్పందం ముగిస్తే మళ్లీ రాసుకోలేదు. న్యూయార్కులో డకోటా భవనంలో పిల్లవాణ్ణి చూసుకుంటూ, రొట్టెలు కాలుస్తూ ఇంటిపట్టున ఉండిపోయాడు. లెక్కల పుస్తకాలూ లాయర్లూ యోకో వంతు. ఆవిడ హోల్‌స్టీన్ పాడి ఆవులు కొని అమ్మే వ్యాపారం కూడా చేసింది. దాదులూ పనివాళ్లూ ఉన్న ఇంట్లో రొట్టె కాల్చడం ఎంతటి త్యాగమో గోంగూర కాడలు విరుస్తున్న నాకు బాగా తెలుసు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో అంత పేరున్న మగవాడు నాలుగు గోడల మధ్య ఉండటం నాకిష్టం అని బాహాటంగా పాడటం మామూలు విషయం కాదు. ‘వాచింగ్ ద వీల్స్’ అచ్చంగా ఆ మాటే. పియానో కింద సంతూరును పోలిన ఒక తీగల వాద్యం మెరుస్తూ ఉంటుంది, ఇవాళ హెడ్‌ఫోనులో స్పష్టంగా పట్టుకున్నాను. మొత్తం ఆల్బమ్‌లో లెనన్ పాటల్లో నా మొదటి ఓటు దానికే.

రెండో పాట దగ్గర చిన్న ఇబ్బంది వచ్చింది. హెడ్‌ఫోను తర్వాత పెట్టుకున్నాను, మొదట స్పీకరులోనే నడిపించాను. ‘కిస్ కిస్ కిస్’ యోకోది. జపనీసు మాటలతో మొదలై, పోను పోను ఊపిరి బరువెక్కి, ఆఖరికి ఏ సందేహానికీ తావివ్వని మూలుగులతో ముగుస్తుంది. స్టూడియోలో దీపాలు తగ్గించి, చుట్టూ తెరలు కట్టించుకుని పాడిందట. మా ఇంట్లో తెరలు లేవు, వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది, అవతల పక్క ఫ్లాటు పిన్నిగారు వడియాలు ఆరబెడుతున్నారు. గోంగూర పసరు అంటిన చేతులతో ఫోను కోసం వెతికేలోగా పాట జరగాల్సినంత జరిగిపోయింది. పిన్నిగారు తలెత్తలేదు. వినబడనట్టు ఉండటంలో ఆవిడది పెద్ద మనసు.

అయితే ఆ పాటలోని దమ్ము ఇవాళే తెలిసింది. దానికి ముందు ఉన్న ‘స్టార్టింగ్ ఓవర్’లో లెనన్ 1950ల నాటి పాటగాళ్ల గొంతు పెట్టి, మళ్లీ కొత్తగా మొదలుపెడదామా అని భార్యను బతిమాలతాడు. హాయిగా, తియ్యగా, కాస్త పాతకాలంగా ఉంటుంది. వెంటనే భార్య వచ్చి ఆ తీపి మీద నీళ్లు చల్లుతుంది. నాకు కావలసింది ఇది, ఇప్పుడు, అని. జాబితాలో ఈ పాట తీసేస్తే మిగిలేది బతిమాలుతున్న మొగుడు ఒక్కడే. ఆల్బమ్‌కు ‘ఎ హార్ట్ ప్లే’ అని ఉపశీర్షిక పెట్టింది ఊరికే కాదు, ఇది ఇద్దరు పాత్రలున్న నాటకం. సగం పాటలు తీసేసి వినడం ఎవరో ఫోనులో మాట్లాడుతుంటే ఇవతలి మాటలే విన్నట్టు ఉంటుంది.

నిజానికి ఇందులో ఫోను గొడవ కూడా ఉంది. 1980 వేసవిలో లెనన్ అమెరికాలోని న్యూపోర్ట్ నుంచి బెర్ముడాకు పడవ మీద వెళ్లాడు. దారిలో తుఫాను. తోటివాళ్లు వికారంతో మంచం పట్టడంతో గంటల తరబడి అతనే చుక్కాని పట్టాడు. ఆ తుఫాను దాటాకే పాటలు పొంగుకొచ్చాయని చెప్పేవాడు. ఆల్బమ్ పేరు అక్కడి తోటలో చూసిన ఒక ఫ్రీసియా పువ్వుది. అక్కడి నుంచి న్యూయార్కుకు ఫోను చేస్తే యోకో దొరకలేదు. ఆ ఉక్రోషంలో పుట్టిందే ‘ఐయామ్ లూజింగ్ యూ’. ఇందులో తీపి లేదు, గిటారు కరుస్తుంది. నీకు చేసిన గాయం ఎప్పటిదో, ఇంకా దాన్నే పట్టుకుని వేలాడాలా అని విసుక్కుంటాడు. ఆ పాట ఆగీ ఆగకముందే యోకో ‘ఐయామ్ మూవింగ్ ఆన్’ అందుకుంటుంది. అదే బిగువు, అదే నడక, కానీ ఏ మాత్రం కరగని జవాబు. నీ అబద్ధాలు చాలు, నా దారి నాది. ఈ రెండు పాటల అతుకు దగ్గర ఆకు గిల్లడం ఆపేసి మళ్లీ వెనక్కి పెట్టుకుని విన్నాను. నాకు తెలిసిన రాక్ సంగీతంలో మొగుడూపెళ్లాల పోట్లాట ఇంత నిజాయితీగా మరెక్కడా వినలేదు. మావాడి జాబితాలో ఇక్కడ ఏముంది? అతని ఉక్రోషం, దాని వెనకే కొడుకుకు జోల.

ఆ జోల ‘బ్యూటిఫుల్ బాయ్’. సముద్రపు హోరు, స్టీలు డ్రమ్ముల మోత, చివర పిల్లవాడి పేరు గుసగుసగా పిలిచి పొద్దున కనబడదాం అనడం. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ఈ మాటను ఇవాళ ఎవరైనా మామూలుగా వినగలరా?

ఆల్బమ్ విడుదల 1980 నవంబరు 17. లెనన్ హత్య డిసెంబరు 8. మధ్యలో సరిగ్గా 3 వారాలు. ఈ ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా విని తీర్పు చెప్పడానికి లోకానికి దొరికిన వ్యవధి అంతే. ఆ 3 వారాల్లో వచ్చిన తీర్పు అంత గొప్పగా లేదు. జెఫెన్ రికార్డు కంపెనీ పాటలు వినకుండానే ఒప్పందం చేసుకున్నంత పేరు ఉన్నా, ఆల్బమ్‌లోంచి విడిగా అమ్మిన మొదటి పాట బ్రిటన్‌లో పదో స్థానంలోపుకు వెళ్లి మళ్లీ కిందికి జారడం మొదలుపెట్టింది. అక్కడి పత్రికలు కొన్ని చీల్చి చెండాడాయి. వాళ్ల కోపం అర్థం కానిది కాదు. పంక్ అనే కోపిష్టి కుర్రకారు సంగీతం వచ్చి పాతవాళ్లను ఊడ్చేసింది, ప్రధాని థాచర్ పాలనలో నిరుద్యోగం పెరిగిపోతోంది. ఒకప్పుడు వీధుల్లోకి రమ్మని పాడినవాడు అయిదేళ్లు మాయమై, తిరిగొచ్చి, మా కాపురం చల్లగా ఉంది అంటే కడుపు మండదా? డిసెంబరు 8 తర్వాత ఇదంతా చెరిగిపోయింది. రాసిపెట్టుకున్న కటువైన సమీక్షలు కొన్ని అచ్చు కాకుండానే ఆగిపోయాయి. రికార్డు అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది, 1982లో ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. హత్య జరిగిన రోజు సాయంత్రం డకోటా గుమ్మం ముందు లెనన్ ఒకడికి ఇదే రికార్డు మీద సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ రాత్రి కాల్చింది వాడే. అలాంటి అట్ట మీద మార్కులు వేయడానికి ఎవరికి చేయి వస్తుంది?

నేను వేస్తాను. చచ్చిపోయాడని మార్కులు కలిపితే అతనికే అవమానం.

‘క్లీనప్ టైమ్’లో సరుకు తక్కువ, తాళం ఎక్కువ. ‘డియర్ యోకో’ హుషారుగా ఉంటుంది గానీ ఇంట్లో నాలుగు గోడల మధ్య పాడుకోవలసింది. యోకో ‘యెస్, ఐయామ్ యువర్ ఏంజెల్’ పాతకాలపు నాటకాల వేషం, ఒకసారి నవ్వు వస్తుంది, రెండోసారి రాదు. ‘వుమన్’ మొదట్లో ఆకాశంలోని సగానికి అంకితమని గొణుగుతాడు. ఆడవాళ్లు ఆకాశంలో సగం అనే మాట గోడల మీదా కరపత్రాల్లోనూ చదువుతూ పెరిగినవాణ్ణి కనుక నేను చప్పున తల ఎత్తాను, కానీ పాట నినాదాల జోలికి పోకుండా నేరుగా క్షమాపణ అడుగుతుంది. బాణీ పరంగా బీటిల్స్ రోజుల స్థాయి ఉన్నది దీనికే. ఆల్బమ్ అంతటికీ ఒక లోపం ఉంది. హిట్ ఫ్యాక్టరీ స్టూడియోలో నిర్మాత జాక్ డగ్లస్, ఎర్ల్ స్లిక్, టోనీ లెవిన్ లాంటి ఆరితేరిన వాద్యకారులు కలిసి ప్రతి మూలా నున్నగా చెక్కేశారు. గరుకు ఎక్కడైనా మిగిలిందంటే అది యోకో గొంతులోనే.

ఇది నా పైత్యం అనుకుంటారేమో, లెనన్ అభిప్రాయమూ ఇంచుమించు ఇదే. బెర్ముడాలో ఒక డాన్స్ క్లబ్బులో బీ-52స్ అనే రాక్ బృందం పాట విని, ఇది యోకో ఎప్పుడో చేసిందే, లోకం ఇప్పటికి ఆమె దగ్గరికి వచ్చింది అనుకున్నాడట. మళ్లీ పాడాలన్న ఊపు వచ్చింది అప్పుడే. ఆఖరి రాత్రి స్టూడియోలో అతను పని చేసింది కూడా ఆమె పాట ‘వాకింగ్ ఆన్ థిన్ ఐస్’ మీద. అందులో అతను వాయించిన గిటారు విన్నవాళ్లు ఈ ఆల్బమ్‌లోని నున్నదనాన్ని క్షమించలేరు.

గోంగూర నూనెలో మగ్గుతుండగా 2010లో వచ్చిన ‘స్ట్రిప్డ్ డౌన్’ ప్రతి పెట్టాను. మెరుగు పూతంతా గీకేసి గొంతును ముందుకు తెచ్చారు. ‘స్టార్టింగ్ ఓవర్’ మొదలయ్యే ముందు ఇది జీన్, ఎడ్డీ, ఎల్విస్, బడ్డీల కోసం అంటాడు. జీన్ విన్సెంట్, ఎడ్డీ కాక్రన్, ఎల్విస్ ప్రెస్లీ, బడ్డీ హోలీ. అందరూ 1950ల నాటి రాక్ పాటగాళ్లే, 1980 నాటికి నలుగురూ లేరు. ఆ వరసలో తన పేరు చేరడానికి ఎన్నాళ్లో లేదని తెలియని మనిషి సరదాగా అంటున్న మాట అది. ఇక్కడ నా నిష్పాక్షికత కాస్త జారిందని ఒప్పుకుంటాను, మిరపకాయల ఘాటు మీదికి నెట్టేశాను.

సాయంత్రం మావాడికి జవాబు రాశాను. పదికి ఏడు. తీసేయాల్సినవి రెండే, ‘క్లీనప్ టైమ్’, ‘ఏంజెల్’. అతనిదొకటి, ఆమెదొకటి. వాడు “ఏడా? బాబాయ్, మీరు బ్యాంకులో లోన్లు కూడా ఇలాగే ఇచ్చేవారా?” అన్నాడు. 1984లో వచ్చిన ‘మిల్క్ అండ్ హనీ’లో మిగిలిపోయిన పాటలు విని అప్పుడు మాట్లాడమన్నాను. చెక్కడానికి మనిషే లేకపోయాడు కనుక అందులో లెనన్ పాటలు సగం పచ్చిగా, నవ్వులతో, కేకలతో ఉంటాయి. ‘నోబడీ టోల్డ్ మీ’ ఒక్కటి చాలు, తిరిగొచ్చిన అసలు మనిషి ఎవరో తెలియడానికి. అందులోనూ యోకో పాటలున్నాయి. దాటేయొద్దని వాడితో ముందే ఒట్టు వేయించుకున్నాను.