సంతకం పెట్టే చెయ్యి

మా అమ్మాయి అట్లాంటాలో ఉంటుంది. పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడ పోలింగ్ డ్యూటీకి పేర్లు తీసుకుంటున్నారు. ఇవ్వనా?" అని అడిగింది. సిటిజన్‌షిప్ వచ్చాక 2024 నవంబర్‌లో అక్కడ మొదటిసారి ఓటేసింది. పోలింగ్ డ్యూటీ అంటే ఏమిటో దానికి కొత్తగా చెప్పక్కర్లేదు. నేను ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో సోషల్ చెప్పాను. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ లిస్టులో నా పేరు ఉండేది. చీకటితో వెళ్ళి, మెషిన్లు అప్పజెప్పి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన రోజుల్లో అది వాళ్ళ అమ్మమ్మ పక్కన పడుకునేది.

అలాంటిదాన్ని, "ఇవ్వు తల్లీ" అని వెంటనే అనాలి. అనలేకపోయాను. "ఆలోచించి చెప్తా" అని ఫోన్ పెట్టేశాను.

నన్ను ఆపింది ఇద్దరు తల్లీకూతుళ్ళు. రూబీ ఫ్రీమన్, షే మాస్. 2020 అధ్యక్ష ఎన్నికల్లో అదే అట్లాంటాలో, ఫుల్టన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తరఫున ఓట్లు లెక్కపెట్టినవాళ్ళు. తల్లి కూతురి చేతికి ఏదో అందించడం కెమెరాలో కనిపించింది. అది యూఎస్‌బీ డ్రైవ్ అనీ, దాంతో మెషిన్లలో ఓట్లు మార్చారనీ ట్రంప్ లాయరు రూడీ జూలియానీ ప్రచారం చేశాడు. నిజానికి అది అల్లం బిళ్ళ. 2022 జూన్‌లో అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, కమిటీ ముందు కూర్చుని షే మాస్ ఆ మాట చెప్పింది. అప్పటికే ఇంటి మీదికి జనం వచ్చారు, చంపుతామని మెసేజ్‌లు వచ్చాయి, ఎఫ్‌బీఐ చెబితే రూబీ ఫ్రీమన్ ఇల్లు వదిలి రెండు నెలలు ఎక్కడో తలదాచుకుంది. ఊళ్ళో అందరూ ఆమెని లేడీ రూబీ అని పిలిచేవారట. ఆ పేరు రాసున్న టీషర్టు ఇక ఎప్పుడూ వేసుకోనని, పేరు చెప్పుకోవడానికే భయమేస్తోందని చెప్పింది. 2023 డిసెంబర్‌లో జ్యూరీ జూలియానీని 14 కోట్ల 80 లక్షల డాలర్లు కట్టమంది. పేరు చెప్పుకోలేని మనిషికి ఆ డబ్బు ఏం తిరిగిస్తుంది?

డ్యూటీ రోజు నా బ్యాగులో ఎప్పుడూ అల్లం మొరబ్బా ఉండేది. ఐదున్నరకి మాక్ పోల్‌కి, అంటే మెషిన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఉత్తుత్తి పోలింగ్‌కి, కూర్చుంటే మళ్ళీ అన్నం ఎప్పుడు తింటామో తెలీదు. కడుపులో తిప్పకుండా ఒక ముక్క నోట్లో వేసుకుని, పక్కనున్న పోలింగ్ ఆఫీసర్ చేతిలో ఒకటి పెట్టేదాన్ని. ఎన్నిసార్లు పెట్టి ఉంటానో.

2018 డిసెంబర్ 7న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో నేను ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని. ఐదింటికి క్యూలో ఉన్నవాళ్ళకి చీటీలు పంచి, వాళ్ళందరి ఓట్లూ అయ్యాక కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్ బటన్ నొక్కాను. టోటల్ 642 చూపించింది. ఓటర్ల రిజిస్టర్‌లో, అంటే 17-ఎ లో, సంతకాలూ వేలిముద్రలూ కలిపి 643. ఏజెంట్లు నా టేబుల్ చుట్టూ మూగారు. ఒకాయన, "మేడమ్, ఆ ఒక్క ఓటు ఏమైంది?" అన్నాడు. నా చేతులు చల్లబడిపోయాయి. రిజిస్టర్ చివరి నుంచి పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వచ్చాం. మా రెండో పోలింగ్ ఆఫీసర్ ఒక వేలిముద్ర దగ్గర వేలు ఆపి, "ఈ ముసలమ్మ కదా మేడమ్" అన్నాడు. మధ్యాహ్నం వేలిముద్ర వేసి, వేలికి సిరా పెట్టించుకున్నాక ఆవిడకి కళ్ళు తిరిగాయి. ఓటు వద్దు ఏం వద్దు అని కోడలు ఇంటికి తీసుకెళ్ళిపోయింది. రిమార్క్స్ గడిలో అప్పుడే రాయాలి, రాయలేదు. తప్పు మాదే. అది రాసి, ఏజెంట్లందరికీ చూపించి, పోలైన ఓట్ల లెక్క రాసే 17-సి ఫారంలో ఓటు వెయ్యకుండా వెళ్ళినవాళ్ళ గడిలో 1 అని వేసి, లెక్క సరిపోయాక సంతకం పెట్టాను. తలా ఒక కాపీ ఇచ్చాను. అప్పటికి ఏడున్నర.

ఆ ఫారంలో లెక్క సరిపోయిందా అని అడిగే గడి ఉంది. ఫలితం నీకు నచ్చుతుందా అని అడిగే గడి ఎక్కడా లేదు.

అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి ఈ ఐదారేళ్ళలో నేను చదివిందంతా నాకు ఈ సంతకం దగ్గరికే వచ్చి ఆగుతుంది. మన దగ్గర పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలకి రాజ్యాంగం 324వ అధికరణం కింద ఒకే ఎన్నికల సంఘం ఉంది. దాని పని మీద ఎన్ని విమర్శలున్నా, రూల్ ఒకటే. అక్కడ అలా కాదు. యాభై రాష్ట్రాలు, యాభై చట్టాలు. కౌంటీ బోర్డు లెక్క మీద సంతకం పెట్టాలి, ఆ తర్వాత రాష్ట్రం పెట్టాలి, గవర్నర్ తన రాష్ట్రం ఎలక్టర్లు, అంటే జనం తరఫున అధ్యక్షుడికి ఓటేసే ప్రతినిధులు, ఎవరో ధ్రువీకరించాలి. మొత్తం 538 మంది ఎలక్టర్లు డిసెంబర్‌లో ఎవరి రాష్ట్రంలో వాళ్ళు ఓటేస్తారు, 270 వచ్చినవాళ్ళు గెలిచినట్టు. ఆ కాగితాలు జనవరి 6న కాంగ్రెస్‌లో విప్పుతారు. నవంబర్ రాత్రి టీవీలో ఫలానా ఆయన గెలిచాడని చెప్పేది న్యూస్ సంస్థలు మాత్రమే. చట్టం దృష్టిలో అప్పటికి ఇంకా దారి చాలా ఉంది. ఇన్ని మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఎవరైనా "నేను పెట్టను" అంటే ఏమవుతుంది?

2020లో అన్నారు. మిషిగన్‌లో డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ బోర్డులో ఇద్దరు నవంబర్ 17న ముందు ఒప్పుకోలేదు, అదే రాత్రి మళ్ళీ ఒప్పుకున్నారు. వారం తిరక్కుండా రాష్ట్ర బోర్డు కూర్చుంది. నలుగురు సభ్యులు, పార్టీకి ఇద్దరు. ట్రంప్ పార్టీకే చెందిన ఆరన్ వాన్ లాంగెవెల్డ్ అనే యువ లాయరు, చట్టం మనకి వేరే దారి ఇవ్వలేదని చెప్పి సంతకం వైపే ఓటేశాడు. ఆ తర్వాత పార్టీ ఆయన్ని మళ్ళీ బోర్డుకి పంపలేదు. ఈ పేరు మన దగ్గర ఎవరికీ తెలీదు. మన చానెళ్ళు 2024లో ఉషా వాన్స్ పూర్వీకుల వడ్లూరు చూపించినంతసేపు ఈయన్ని ఒక్క నిమిషం చూపించి ఉంటే బాగుండేదనిపిస్తుంది నాకు.

అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంలో ట్రంప్ మీద బైడెన్ ఆధిక్యం 11,779. దాదాపు 50 లక్షల కాగితాలు చేత్తో లెక్కపెట్టి చూశారు, ఆ తర్వాత మెషిన్‌తో మళ్ళీ లెక్కపెట్టారు. గెలిచిన మనిషి మారలేదు. అయినా 2021 జనవరి 2న ట్రంప్ స్వయంగా రాష్ట్ర ఎన్నికల అధికారి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌కి ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతకమన్నాడు. ఆధిక్యం కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ. ఆయనా ట్రంప్ పార్టీవాడే, లొంగలేదు. ఒక్క అంకె తేడా కోసం నేను బూత్‌లో పడ్డ టెన్షన్ గుర్తొస్తే, దేశాధ్యక్షుడు ఫోన్‌లో గంటసేపు అంకె అడుగుతుంటే ఆ మనిషి ఎలా కూర్చున్నాడో ఊహించుకోగలను.

2024లో ఫుల్టన్ కౌంటీలోనే ఒక బోర్డు సభ్యురాలు, అనుమానం ఉంటే సంతకం ఆపే హక్కు తనకి ఉండాలని కోర్టుకెళ్ళింది. అక్టోబర్‌లో జడ్జి రాబర్ట్ మెక్‌బర్నీ కుదరదన్నాడు. తప్పు జరిగిందనుకుంటే చెప్పాల్సినవాళ్ళకి చెప్పు, గడువులోగా సంతకం మాత్రం పెట్టాల్సిందే అన్నాడు. నేను ఆ తీర్పుతో పూర్తిగా ఏకీభవిస్తాను. మన దగ్గరా అంతే కదా. ఫలితం ప్రకటించాక 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చు. సంతకం పెట్టేవాళ్ళు లెక్క చూసేవాళ్ళే, తీర్పు చెప్పేవాళ్ళు వేరే.

ఇది మా పై పోర్షన్ లాయరుగారితో అంటే ఆయన వెంటనే, "మరి ఆ తీర్పు చెప్పేవాళ్ళే లెక్క ఆపేస్తేనో టీచరమ్మా?" అన్నారు. 2000 అధ్యక్ష ఎన్నిక సంగతి ఆయన మనసులో ఉంది. ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల ఓట్లలో బుష్, గోర్‌ల మధ్య తేడా 537. కార్డుకి చిల్లు పొడిచి ఓటేసే పద్ధతి. చిల్లు పూర్తిగా పడక ముక్క వేలాడుతుంటే అది ఓటా కాదా? ఓటరు ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తే చెల్లుతుందని ఆ రాష్ట్ర చట్టం. కానీ ఒక కౌంటీలో ఒకలా చూశారు, ఇంకో కౌంటీలో ఇంకోలా. రాష్ట్ర సుప్రీంకోర్టు చేత్తో లెక్కపెట్టమంటే దేశ సుప్రీంకోర్టు మర్నాడే ఆపింది. డిసెంబర్ 12న, అందరికీ ఒకే కొలత లేకపోవడం తప్పేనని ఏడుగురు జడ్జిలు అన్నారు. సరిదిద్దడానికి ఇక టైం లేదని ఐదుగురు తేల్చారు. ఐదు, నాలుగు. బుష్ గెలిచాడు.

మనకీ పేపర్ బ్యాలెట్ రోజుల్లో అదే మాట ఉండేది, ఉద్దేశం స్పష్టంగా ఉందా అని. 1994లో కౌంటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు చూశాను. ఓటరు కాగితం మడిస్తే స్వస్తిక్ ముద్ర తడి అవతలి గుర్తు మీద కూడా అంటుకునేది. అది తిరగబడి పడుతుంది కాబట్టి, ఏది అసలు ముద్రో ఏది మడతలో అంటిందో చెప్పొచ్చు. లైటుకి ఎత్తి పట్టుకుని, ఏజెంట్లందరికీ చూపించి, అప్పుడు కట్టలో పెట్టేవాళ్ళం. ఓపిక ఉంటే చాలావరకు తేలిపోయేది.

ఆ ఓపిక మా పక్కనే చూశాను. మేముండేది సఫిల్‌గూడ. 2020 డిసెంబర్‌లో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు బ్యాలెట్ పేపర్ మీదే జరిగాయి. నేరేడ్‌మెట్ డివిజన్‌లో కొందరు ఓటర్ల చేతికి స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్ర ఇచ్చారు. అలాంటి ఓట్లు 544, ముందున్న అభ్యర్థి ఆధిక్యం 504. వేరే ముద్రలు కూడా లెక్కించమని రాష్ట్ర ఎన్నికల సంఘం సర్క్యులర్ ఇవ్వడం, హైకోర్టు దాన్ని ఆపడం, నేరేడ్‌మెట్ ఫలితం నిలిచిపోవడం వరసగా జరిగాయి. కోర్టు దారి చూపించాక 9వ తేదీన ఆ 544 కాగితాలూ లెక్కపెట్టారు. ముందున్నవాళ్ళే గెలిచారు. ఒక కార్పొరేటర్ సీటు కోసం ఊరు ఐదు రోజులు ఆగింది. అమెరికా అధ్యక్ష పదవికి ఫ్లోరిడాలో ఆగలేకపోయారు. లెక్కపెడితే ఎవరు గెలిచేవారన్నది నాకు ముఖ్యం కాదు. టేబుల్ మీద కాగితాలుండగా లేచి వెళ్ళమనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎలక్టర్ల సంగతీ ఈ ప్రశ్నే. వాళ్ళు సొంత బుద్ధితో ఓటెయ్యాలా, జనం ఇచ్చిన మాట మోసుకెళ్ళాలా? 2016లో ఏడుగురు దారి తప్పి వేరే పేర్లకి ఓటేశారు. 2020 జూలైలో సుప్రీంకోర్టు ఒక్క మాట మీద, రాష్ట్రం వాళ్ళని కట్టడి చెయ్యొచ్చు, జరిమానా వెయ్యొచ్చు అంది. నాకు 1969 గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికార అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి, ఎదురుగా మన వి.వి.గిరి. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యండని ఇందిరాగాంధీ పిలుపు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ తేలలేదు: గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. రేడియో పక్కన కూర్చున్న మా నాన్న, "అంతరాత్మ ఎమ్మెల్యేకి ఉంటుందమ్మా, ఉండాలి" అన్నాడు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు జనం ఎన్నుకున్న మనుషులు, రాష్ట్రపతి ఎన్నికలో విప్ లేదు, రహస్య ఓటు. అమెరికా ఎలక్టర్ పేరు ఓటరుకి తెలీను కూడా తెలీదు. అక్కడ అంతరాత్మ అంటే ఓటరు మాట మార్చడమే.

2021 జనవరి 6 గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. ట్రంప్ మద్దతుదారుల గుంపు కాంగ్రెస్ భవనం లోపలికి వస్తుంటే సెనేట్ సిబ్బంది ఎలక్టర్ల కాగితాలున్న చెక్కపెట్టెలు చేతబట్టుకుని బయటపడ్డారు. ఆ పని చేసినవాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఉపాధ్యక్షుడు పెన్స్ కాగితాలు పక్కన పెట్టేయాలని ట్రంప్ ఒత్తిడి. 1887 నాటి చట్టం గజిబిజిగా ఉండటం వల్లే ఆ సందు దొరికింది. 2022 డిసెంబర్‌లో చట్టం మార్చి, ఉపాధ్యక్షుడిది కాగితాలు విప్పే పని మాత్రమే అని రాశారు. అభ్యంతరం చెప్పాలంటే ఇదివరకు ఒక్కో సభలో ఒక్కరు చాలు, ఇప్పుడు రెండు సభల్లోనూ ఐదో వంతు సభ్యులు కావాలి. 2025 జనవరి 6న అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ తన ఓటమి కాగితాలు తనే చదివించి, అంకెలు ప్రకటించింది.

ఒత్తిడి తెచ్చినవాళ్ళ సంగతేమిటని లాయరుగారిని అడిగాను. అధ్యక్షుడి అధికారిక చర్యలకి క్రిమినల్ కేసు నుంచి రక్షణ ఉందని 2024 జూలై 1న ఆరుగురు జడ్జిలు, ముగ్గురి అసమ్మతి మధ్య, చెప్పారని అన్నారు. ఆ నవంబర్‌లో ట్రంప్ మళ్ళీ గెలిచాక, 2020 ఎన్నిక గురించి ఆయన మీద కేంద్రం పెట్టిన కేసు మూసేశారు. సంతకం పెట్టే చిన్న ఉద్యోగి మీదే బరువంతా ఉంది, వాళ్ళ మెడ మీద చెయ్యేసిన అధ్యక్షుడి మీద ఏమీ లేదు. ఇది అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ వారం రోజులూ చెరువు గట్టు మీద నడుస్తూ ఇదే ఆలోచన. మనలాంటివాళ్ళు భయపడి పేరివ్వకపోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? సంతకం ఆపడానికే వచ్చేవాళ్ళు.

నిన్న నేనే ఫోన్ చేశాను. "పేరివ్వు తల్లీ" అన్నాను. అక్కడ 17-సి లాంటిదేమైనా ఉందా అని అడిగాను. పోలింగ్ అయ్యాక స్కానర్ నుంచి పొడుగాటి చీటీ వస్తుందట, దాని మీద సంతకాలు పెడతారట. ఎవరైనా చెక్-ఇన్ చేసి ఓటెయ్యకుండా వెళ్ళిపోతే ఎక్కడ రాస్తారని అడిగాను. తెలీదంది. ట్రైనింగ్‌లో మొట్టమొదట అదే అడగమన్నాను. రాసుకుంటున్నానంది.