ఆకురాయి గీతలు

ఆదివారమంతా ఒక పాత స్ప్రింగ్-పిస్టన్ ఎయిర్ రైఫిల్ ముందే గడిచిపోయింది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోసి, అణిగిన గాలితో పెల్లెట్ అనే చిన్న గుండును పంపే రకం ఇది. నాకంటే ముందు మరొకరు దీన్ని వాడారు. ఇచ్చినాయన దీనికి గట్టి స్ప్రింగ్ వేయించానని, ట్రిగ్గర్‌ను వెన్నలా చేయించానని గర్వంగా చెప్పారు. వెన్నలాంటి ట్రిగ్గర్ అనే మాట వింటే నాకు ముచ్చట కన్నా ముందు అనుమానమే కలుగుతుంది.

ఉదయం మొదట వేగం కొలిచాను. 0.54 గ్రాముల బరువున్న 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్లు పది పేల్చగా సగటు వేగం సెకనుకు 230 మీటర్లు వచ్చింది. బరువులో సగాన్ని వేగం వర్గంతో హెచ్చవేస్తే శక్తి 14.3 జౌళ్ల దాకా తేలుతుంది. అంకె చూడటానికి బాగానే ఉంది కాని, నేను దానిని నమ్మలేదు. తొలి నాలుగు దెబ్బలకూ గొట్టం కొన నుంచి పొగ వచ్చింది, మాడిన నూనె వాసన గుప్పుమంది, చప్పుడు కూడా ఉండవలసిన దానికన్నా పదునుగా ఉంది. పిస్టన్ కొన్ని మిల్లీసెకన్లలోనే ముందున్న గాలిని అణచివేసేసరికి ఆ గాలి విపరీతంగా వేడెక్కుతుంది, అక్కడ నూనె చేరి ఉంటే డీజిల్ ఇంజన్‌లో జరిగినట్లే అంటుకుంటుంది. అంటే ఆ వేగంలో కొంత స్ప్రింగ్‌ది కాదు, కాలిన నూనెది. ఇలా మండటం పెద్దదైతే పిస్టన్ పక్కల నుంచి గాలి పోకుండా ఆపే సీల్ మాడిపోతుంది, స్ప్రింగ్ సైతం విరగవచ్చు.

తరువాత చేసిన పరీక్షే ఈ రోజుకు అసలు సంగతి. రైఫిల్‌ను ఎక్కుపెట్టి, పెల్లెట్ పెట్టి, సేఫ్టీ వేసి, గొట్టాన్ని ఇసుక పెట్టె వైపు ఉంచి, ట్రిగ్గర్ జోలికి పోకుండా భుజానికి ఆనించే వెనుక కొనను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాను. మూడు దెబ్బలకు ఏమీ కాలేదు. నాలుగో దెబ్బకు పేలింది. కంటి అద్దాలు పెట్టుకునే ఉన్నాను, పెల్లెట్ ఇసుకలోనే దిగింది, అయినా చేతులు కుదుటపడటానికి కొంతసేపు పట్టింది. చాలా రైఫిళ్లలో సేఫ్టీ మీట ట్రిగ్గర్‌ను మాత్రమే కదలనివ్వదు. పిస్టన్‌ను వెనక్కి పట్టి ఉంచేది సియర్ అనే చిన్న ఉక్కు కొక్కెం. ఆ కొక్కెమే జారితే సేఫ్టీ వేసి ఉన్నా లేకున్నా ఒకటే.

మధ్యాహ్నం విప్పాను. స్ప్రింగ్‌ను పూర్తిగా వదిలినట్లు కనిపించినప్పుడు కూడా అది లోపల కొంత అణిగే ఉంటుంది కనుక, స్ప్రింగ్‌కు వెనుక అడ్డుగా ఉండే దిమ్మెను పట్టి ఉంచే పిన్నులను ఉత్త చేతులతో తీయకూడదు. నేను పలకకు బిగించిన మరబిగింపులో రైఫిల్‌ను ఉంచి, దిమ్మె మీద ఒత్తిడి పెట్టి, పిన్నులు తీసి, మరను మెల్లగా వదులుతూ వచ్చాను. దిమ్మె దాదాపు ఐదు సెంటీమీటర్లు వెనక్కి వచ్చాక గాని స్ప్రింగ్ బలం తగ్గలేదు. ఆ దారిలో ముఖం పెట్టకపోవడం నాకు ఎప్పుడో అలవాటైంది.

లోపల చూస్తే అంతా అర్థమైంది. సీల్ అంచు నల్లబడి ఉంది. దాని ముందు గ్రీజు ముద్దలు ముద్దలుగా పేరుకుంది. సియర్ కొక్కెం మీద ఆకురాయి గీతలు స్పష్టంగా కనిపించాయి. ట్రిగ్గర్ తేలికగా కదలాలని కొక్కేలు ఒకదానినొకటి పట్టుకునే మేరను ఎవరో అరగదీశారు. మిగిలింది అర మిల్లీమీటరు కూడా లేదు, మూల గుండ్రమైపోయింది. ఇటువంటి భాగాల్లో చాలావాటికి పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, దానిని రాకేస్తే లోపలి మెత్తని ఉక్కు రోజురోజుకూ అరిగిపోతుంది. పైగా ఇది గొట్టాన్ని కీలు దగ్గర మడిచి ఎక్కుపెట్టే రకం. పెల్లెట్ పెడుతున్నప్పుడు కొక్కెం జారి ఉంటే, గొట్టం ఎగిరి మూసుకుని వేలిని నలిపేసేది. అందుకే ఎంత నమ్మకమైన రైఫిల్‌తోనైనా ఒక చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకునే నేను పెల్లెట్ పెడతాను. (పాపం, ఆయన ఇన్నాళ్లు ఎలా పెట్టారో!)

గట్టి స్ప్రింగ్ మీద నాకు ఏనాడూ మోజు లేదు. పిస్టన్ మరీ వేగంగా వెళితే ముందున్న గాలి మెత్తను తాకి వెనక్కి ఎగురుతుంది. ఆ ఒత్తిడంతా సన్నని రంధ్రం గుండానే పెల్లెట్‌ను చేరాలి గనుక పెంచిన బలమంతా వేగంగా మారదు, కుదుపు మాత్రం పెరుగుతుంది. రైఫిల్ మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకు కుదిపే ఈ రెండు వైపుల దెబ్బకే గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే మామూలు టెలిస్కోపులు పాడవుతాయి. నేను చేయదలచుకున్న మార్పులు చాలా చిన్నవి: మొదట ఉన్నంత బలమున్న స్ప్రింగే మళ్లీ, అది వంగకుండా దాని లోపల బిగుతుగా సరిపోయే గైడు, పిస్టన్ కదిలే గొట్టం లోపలి పదునైన అంచులను నునుపు చేయడం, కొత్త సీల్, పిస్టన్ పక్కలకు పలుచగా మాలిబ్డినం గ్రీజు, సీల్ ముందు ఏమీ లేకుండా తుడవడం. అప్పుడు శక్తి రెండు జౌళ్లు తగ్గినా నాకు చింత లేదు.

సియర్‌ను మాత్రం బాగుచేయాలని చూడను. కొత్త ట్రిగ్గర్ భాగాలు పూర్తి జతగా వచ్చేవరకు రైఫిల్ విడి భాగాలుగానే ఉంటుంది. సాయంత్రం సీసం అంటిన చేతులను సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, స్ప్రింగ్‌ను ఒక డబ్బాలో, పిస్టన్‌ను వేరొక డబ్బాలో పెట్టి, అరిగిన సియర్‌ను పొరపాటున ఎవరూ తిరిగి బిగించకుండా పట్టకారుతో పట్టి వంచి చెత్తలో వేశాను.