పిల్లి దూకింది, నేను చూశాను

సాయంత్రం చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటుంటే మా అమ్మాయి నోట్‌బుక్ పట్టుకొచ్చింది. 'ఐ సా హిమ్ టు క్రాస్ ద రోడ్' అని రాసిందట. టీచర్ 'టు' చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు.

"వాంట్ తర్వాత టు వస్తుంది కదా నాన్నా, సా తర్వాత ఎందుకు రాకూడదు?"

రాకూడదు, అంతే అనేద్దామనుకున్నాను. నా చిన్నప్పుడు నాకూ అంతే చెప్పారు. సీ, హియర్, ఫీల్, వాచ్, వీటి తర్వాత ఎవరిని చూశామో వాళ్లు, ఆ పైన 'టు' లేని క్రియ. బట్టీ పట్టేశాం.

"మరి క్రాసింగ్ అనొచ్చా?" అంది. అనొచ్చు. "అయితే తేడా ఏంటి?" ఇక్కడే నాకు చెమటలు పట్టాయి.

అదృష్టం బాగుండి కిటికీ అవతల పిల్లి కనబడింది. మేం తలెత్తేసరికే గోడ సగం ఎక్కేసి, గోళ్లతో పట్టుకుని పైకి పాకుతోంది. ఎక్కడం మొదలెట్టినప్పుడు మేం చూళ్లేదు. దానికి 'క్లైంబింగ్'. పైకి చేరి కాసేపు కూర్చుంది. తర్వాత వెనక కాళ్లు ముడిచి, ఒళ్లంతా కుదించుకుని, ఇవతలికి ఒక్క దూకు దూకింది. మొదట్నుంచి కాళ్లు నేలకు తగిలేదాకా చూశాం. దానికి 'జంప్'. మొత్తం చూస్తే ఉత్త క్రియ, జరుగుతుండగా కొంత చూస్తే ఇంగ్.

మనం 'దూకడం చూశాను' అంటే ఎంతవరకు చూశావని ఎవరూ నిలదీయరు. కానీ ఇంకో చోట మనమూ గట్టివాళ్లమే. 'ఆమె పాడుతుంటే విన్నాను' అంటే చెవులారా విన్నట్టు. 'పాడిందని విన్నాను' అంటే ఎవరో చెప్పినట్టు. ఇంగ్లీషులోనూ 'హర్డ్ హర్ సింగ్' వేరు, 'హర్డ్ దట్ షి శాంగ్' వేరు. 'దట్' వచ్చిందంటే మన చెవిన పడింది పాట కాదు, కబురు. ఇది మాత్రం అమ్మాయికి ఠక్కున ఎక్కింది.

హమ్మయ్య అనుకునేలోపు పుస్తకంలో కింది వాక్యం చూపించింది. 'హి వాజ్ సీన్ టు క్రాస్ ద రోడ్'. తరిమేసిన 'టు' మళ్లీ వచ్చి కూర్చుంది! పాసివ్‌లో అది ఉండాల్సిందే. 'మేక్'దీ ఇదే వరస, 'మేడ్ హిమ్ వెయిట్' కాస్తా తిరగేస్తే 'వాజ్ మేడ్ టు వెయిట్' అవుతుంది. ఎందుకని మళ్లీ అడిగింది. దీనికి ఏ పిల్లీ దొరకలేదు. బట్టీ పట్టమన్నాను.

"నాన్నా, ఐ కెన్ స్మెల్ సంథింగ్ బర్నింగ్!"

భేషైన వాక్యం. స్మెల్ తర్వాత ఇలా ఇంగే వస్తుంది, 'బర్న్' అనరు, ఎందుకంటే వాసన తగిలేది అది కాలుతుండగానే కదా అని నేను మొదలెట్టేలోపే పిల్ల పరిగెత్తి స్విచ్ ఆపేసింది. నీలం చొక్కా జేబు మీద ఇస్త్రీపెట్టె మూతి అచ్చు గుద్దినట్టు పడింది.