బావిలో సబ్‌మెరైన్

ఇనుము నీళ్లలో మునుగుతుందని చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. మెకానికల్ డిప్లొమా చివరి ఏడాదికొచ్చిన మా నలుగురికీ అంతకు మించి తెలియదన్న సంగతి ఆనందపురం దగ్గర ఓ నేలబావిలో బయటపడింది.

2002లో విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా మ్యూజియం తెరిచారు. 1969 నుంచి 31 ఏళ్లు నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్. ఆ గుండ్రటి తలుపుల్లో వంగి దూరుతూ చూసొచ్చిన రోజే మమ్మల్ని పురుగు తొలిచింది. ఒక్కడు పట్టేది మనమే చేస్తే?

గాజువాక పాత ఇనుము కొట్లో 3 మిల్లీమీటర్ల రేకు దొరికింది. వర్క్‌షాపులో గొట్టంలా చుట్టి వెల్డింగ్ చేశాం. రెండు మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వ్యాసం. పైన మూత, వెనక సైకిల్ పెడళ్లతో తిరిగే ఫ్యాను. అతుకులకు సబ్బునురగ రాసి, లోపలికి గాలి కొట్టి, బుడగలు వెతికాం. ఆ పని మాత్రం బాగా చేశాం, పంక్చర్లు వేసిన చేతులు కదా.

అందరిలో బక్కవాణ్ణని డ్రైవరుగా నన్నే ఎన్నుకున్నారు. వర్క్‌షాపు మాస్టారు ఒప్పుకోలేదు. "ముందు నీ బదులు ఇది కూర్చుంటుందిరా" అని 50 కిలోల ఇసుక బస్తా సీట్లో పెట్టించారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

బావి మా స్నేహితుడి మావయ్యది. చైన్ పుల్లీతో దించాం. పైకి రాకపోతే ఎలా అని గజఈతగాణ్ణి కూడా పిలుచుకున్నాం. అది మునగనే లేదు. బెండులా తేలుతూ నిలబడింది.

"ఇదేటల్లుడూ, ఇనప సామాను ములగదేటి?" అన్నాడు మావయ్య.

మాస్టారు బావిగట్టు మీదే సుద్దముక్కతో లెక్క వేశారు. గొట్టం మునిగితే తోసే నీరు 880 కిలోలు, మునగాలంటే మొత్తం అంత బరువుండాలి. మనది 160, బస్తా 50. ఇంకో 670 కిలోలు కావాలి. అదీ బయట కట్టే ఇనుమైతే నీళ్లలో ఎనిమిదో వంతు బరువు పోగొట్టుకుంటుంది కాబట్టి 770. మేమంతా బావిలోకే చూస్తూ నించున్నాం.

మళ్లీ వారం ఇనప దిమ్మలు అద్దెకు తెచ్చి అడుగున కట్టాం. ఈసారి సాఫీగా దిగింది. రెండు మీటర్ల లోతున పది నిమిషాలు ఉంచాం. ఐదు నిమిషాలు దాటేసరికి, అప్పటిదాకా వదులుగా వేలాడుతున్న గొలుసు బిర్రుగా బిగిసింది.

పైకి లాగి మూత తీస్తే బస్తా నడుం దాకా తడిసి ఉంది. నీరు ఫ్యాను ఇరుసు దగ్గర్నుంచి వచ్చింది. మావయ్య వంగి చూసి, "మా ఇంజను పంపుకి నీళ్లు కారకుండా ఇరుసు సుట్టూ గ్లాండు తాడు సుడతాం కదా, మీరు సుట్లేదా?" అన్నాడు. మూడేళ్ల చదువులో మాకెవరికీ తట్టలేదది.

మాస్టారు మాత్రం మూత కొలిచారు. 45 సెంటీమీటర్లు. "ఆ లోతున దీని మీద 300 కిలోల పైన నీళ్లున్నాయి. భుజంతో నెట్టి బయటికొచ్చేవాడివా?" అని, ఆ తడి బస్తా నాచేతే మోయించారు.

తర్వాత పరీక్షలొచ్చాయి. సబ్‌మెరైన్‌ని అదే పాత ఇనుము కొట్టుకి అమ్మేశాం. తూకం 158 వచ్చింది. మాస్టారి లెక్క తప్పదు, ఆ రెండు కిలోలూ కాటాలోనే పోయుంటాయి.