12 సెకన్లు చాలవని చెప్పడానికి 11 నెలలు

అమ్మ రోడ్డు దాటడానికి ఎంతసేపు పడుతుందో నేను మొదటిసారి లెక్కపెట్టింది కోపంతోనే. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. ఆ రోజు మా వీధి చివరి సిగ్నల్ దగ్గర పచ్చ బొమ్మ వెలగగానే అడుగు వేసింది. సగం దాటి ఇంకో నాలుగడుగులు వేసేసరికి ఎర్ర బొమ్మ పడింది. ఒక్కసారిగా హారన్లు. అమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయి, వస్తున్న బండ్లకు చెయ్యెత్తి చూపిస్తూ నిలబడింది. ఇంటికొచ్చాక "నాదే తప్పులే, నేనే నిదానం" అంది. ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వెళ్ళాను. పచ్చ బొమ్మ వెలిగినప్పటి నుంచి మిణుకుమిణుకుమంటూ ఆరిపోయేదాకా 12 సెకన్లు. రోడ్డు వెడల్పు సుమారు 14 మీటర్లు. అమ్మకు కావాల్సింది 19 సెకన్లు.

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టేశాను. "వృద్ధుల ప్రాణాలతో చెలగాటం ఆపండి" అని శీర్షిక. ఇప్పుడు చదువుకుంటే నాకే సిగ్గేస్తుంది. సిగ్నల్ టైం పెంచాలి, ఫుట్‌పాత్‌లు బాగుచేయాలి, జీబ్రా గీతలు మళ్ళీ వేయాలి, బస్టాప్ జరపాలి, స్పీడ్ బ్రేకర్లు పెట్టాలి, పోలీసుల్ని నిలబెట్టాలి. మొత్తం ఆరు కోరికలు. మేయర్ నుంచి రవాణా మంత్రి దాకా గుర్తొచ్చిన వాళ్ళందరి పేర్లూ పైన పెట్టాను. రెండు రోజుల్లో 400 సంతకాలు వచ్చాయి. నిమిషానికోసారి ఫోన్ తీసి అంకె చూసుకునేదాన్ని. మూడో రోజు నుంచి నత్తనడక, తర్వాత అదీ లేదు. సంతకాలు పెట్టిన వాళ్ళలో ఆ రోడ్డు నిజంగా దాటేవాళ్ళు ఎంతమందా అని చూస్తే ముప్పైకి మించలేదు. మిగతా వాళ్ళంతా నా స్నేహితులూ, వాళ్ళ స్నేహితులూ. వాళ్ళకు నా మీద అభిమానమే కానీ ఆ సిగ్నల్ ఎక్కడుందో కూడా తెలియదు.

నెల తర్వాత ఒక జవాబు వచ్చింది. మీరు కోరిన అంశాలు వేర్వేరు విభాగాల పరిధిలోకి వస్తాయి, సంబంధిత కార్యాలయాలను సంప్రదించగలరు అని. సంప్రదించాను. ఒక కార్యాలయంలో సిగ్నళ్ళు మావి కాదన్నారు. ఇంకోచోట స్తంభం మాదే కానీ టైమింగ్ మాది కాదన్నారు. మూడో చోట ఫైలు నంబరు అడిగారు. నా దగ్గర ఫైలే లేదు, నంబరెక్కడిది! చెప్పులరగడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ సమయంలో తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ట్రాఫిక్ ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. నా పిటిషన్ ప్రింటు తీసుకెళ్తే పెన్సిల్ పట్టుకుని మొత్తం చదివారు.

"అమ్మా, ఇందులో ఆరు కోరికలున్నాయి. పదిమందికి రాశావు. ఎవరికి వాళ్ళు మిగతా తొమ్మిదిమందీ చూసుకుంటారులే అనుకుంటారు. నీకు కావాల్సింది ఒక్క ముక్కలో చెప్పు."

"టైం పెంచాలి సార్."

"ఎంత?"

నా దగ్గర జవాబు లేదు. ఎక్కువ అని మాత్రమే తెలుసు.

ఆయన కాగితం మీద చిన్న లెక్క వేశారు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకుని సిగ్నల్ టైం లెక్కగట్టడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతేనట. 14ను 1.2తో భాగిస్తే దాదాపు 12 సెకన్లు. "అంటే ఆ సిగ్నల్ పాడైపోలేదమ్మా. పుస్తకం ప్రకారం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఆ పుస్తకమే మీ అమ్మగారిని లెక్కలో వేసుకోలేదు."

అంతవరకూ నేను ఎవరో నిర్లక్ష్యం చేశారనుకుని తిట్టుకుంటున్నాను. తిట్టడానికి మనిషి దొరక్కపోతే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కానీ ఆ లెక్కతోనే దారి కనిపించింది. ఇంగ్లండ్‌లో 65 దాటినవాళ్ళ మీద జరిగిన ఒక పరిశోధన 2012లో అచ్చయింది. అందులో మగవాళ్ళ సగటు నడక సెకనుకు 0.9 మీటర్లు, ఆడవాళ్ళది 0.8. అమెరికాలో 2009లో ట్రాఫిక్ మాన్యువల్ మార్చినప్పుడు, నడక వేగాన్ని సెకనుకు 4 అడుగుల నుంచి 3.5 అడుగులకు తగ్గించారు. సింగపూర్‌లో అదే 2009లో ఇంకో దారి పట్టారు. పెద్దవాళ్ళు స్తంభానికున్న యంత్రం మీద తమ కార్డు ఆనిస్తే పచ్చ బొమ్మ ఇంకొన్ని సెకన్లు ఎక్కువ వెలుగుతుంది. అంటే నేను అడగబోయేది ఎవరూ వినని వింత కాదు.

ఇవన్నీ చెప్పాక ఆయన ఇంకో మాట అన్నారు. "నీవి రెండు అర్జీలమ్మా. ఈ ఒక్క కూడలి సంగతి ఇక్కడివాళ్ళ చేతిలో ఉంది. పుస్తకంలో 1.2 మార్చడం పైవాళ్ళ చేతిలో ఉంది. రెండూ ఒకే కాగితం మీద రాస్తే రెండూ మునుగుతాయి."

పాత పిటిషన్ మూసేశాను. ముందు మూడు రోజులు, రోజుకు రెండు గంటలు, ఒక స్నేహితురాలితో కలిసి ఆ కూడలిలో కూర్చుని లెక్క రాశాం. కర్రతో నడిచేవాళ్ళు, తలనెరిసినవాళ్ళు, చిన్నపిల్లల్ని చెయ్యిపట్టి నడిపించేవాళ్ళు కలిపి 163 మంది దాటారు. అందులో 71 మందికి మధ్యలోనే ఎర్ర బొమ్మ పడింది. ఈ లెక్కే మా కొత్త పిటిషన్‌కు వెన్నెముక. మొత్తం పిటిషన్ ఇంతే:

"ఈ కూడలిలో పాదచారులకు ఇస్తున్న సమయం 12 సెకన్లు. మేము మూడు రోజులు లెక్కించగా, దాటుతున్న వృద్ధులు, పిల్లలున్నవారు 163 మందిలో 71 మందికి ఆ సమయం సరిపోలేదు. దీన్ని 20 సెకన్లకు పెంచాలని ఈ కూడలిని రోజూ వాడే మేము కోరుతున్నాం. మా లెక్కల పట్టిక జతచేశాం."

'ప్రాణాలతో చెలగాటం' లాంటివన్నీ తీసేశాను. రాసేటప్పుడు చప్పగా అనిపించింది. చదివిన అధికారి మాత్రం మొదట తిరగేసింది ఆ పట్టికనే.

ఈసారి సంతకాలు కాగితం మీద, ఆ కూడలిలోనే నిలబడి తీసుకున్నాం. చెప్పుకోవాల్సిందంతా ఇక్కడే ఉంది. ఆన్‌లైన్‌లో సంతకం పెట్టేవాళ్ళు మాట్లాడరు, ఎదురుగా నిలబడితే మాత్రం అందరూ మాట్లాడతారు. "ఇలాంటి కాగితాలు ఎన్ని చూశాం" అంటూనే పెన్ను తీసుకుంటారు. "ఫోన్ నంబర్ ఎందుకు?" అని అనుమానపడతారు. అది నిజంగా మంచి ప్రశ్న. పేరు, ఉండే వీధి, సంతకం చాలు, నంబరు అక్కర్లేదని రెండో రోజే ఆ గడి కొట్టేశాం. ఒక ముసలాయన సంతకం పెట్టడానికి పచ్చ బొమ్మ వెలిగే సమయం కన్నా ఎక్కువే తీసుకుని, పెట్టాక "ఇదీ లెక్కలో రాసుకో" అని నవ్వాడు.

ఒక్కొక్కరికి చెప్పేసరికి నోరు ఎండిపోయేది. ఎండలో నిలబడి ఇరవైమందిని అడిగితే ఏడెనిమిది సంతకాలు వచ్చేవి. కాదని వెళ్ళిపోయేవాళ్ళ వెంట పడకూడదని మూడో రోజుకి తెలిసింది. మన చేతిలోని అట్ట చూసే ముఖం తిప్పుకునేవాళ్ళను ఆపినకొద్దీ చూస్తున్న పక్కవాళ్ళు కూడా జారుకుంటారు.

ఒకాయన మాత్రం బండి పక్కకు ఆపి మరీ దెబ్బలాటకొచ్చాడు. "ఇప్పటికే ఇక్కడ పది నిమిషాలు ఇరుక్కుంటున్నాం. మీరు ఇంకో ఎనిమిది సెకన్లు తీసుకుంటే మా గతేంటి?" మొదట చిరాకేసింది. రాత్రి ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమే. కార్యాలయంలోనూ మొదట ఇదే అడుగుతారు కదా. ఇంజనీరు గారిని అడిగితే, నడిచేవాళ్ళు మీట నొక్కినప్పుడే ఆ టైం ఇచ్చే ఏర్పాటు చేయొచ్చన్నారు. ఎవరూ దాటనప్పుడు బండ్లను ఆపక్కర్లేదు. ఆ వాక్యం పిటిషన్ కింద చేర్చాం. నాలుగు రోజుల తర్వాత ఆ బండి ఆయనే మళ్ళీ కనిపిస్తే చూపించాను. సంతకం పెట్టలేదు, "ఇదైతే పర్లేదు" అని వెళ్ళిపోయాడు.

చివరికి 640 సంతకాలు అయ్యాయి. ఇంటికి తెచ్చి ఒక్కొక్క పేజీ చూస్తే తల ప్రాణం తోకకు వచ్చింది. ఒకే చేతివ్రాతతో వరసగా తొమ్మిది పేర్లు, ఒక సినిమా హీరో పేరు, ఒకచోట ఉత్త పిల్లి బొమ్మ. 38 కొట్టేసి 602 ఉంచాం. స్నేహితురాలు "అంకె తగ్గిపోతుందే" అని గోల పెట్టింది. అప్పుడు నేను చదివిన సంగతి చెప్పాను. 1848లో బ్రిటన్‌లో చార్టిస్టులనే కార్మిక ఉద్యమకారులు ఓటు హక్కు కోసం పార్లమెంటుకు పిటిషన్ ఇచ్చినప్పుడు 57 లక్షల సంతకాలున్నాయన్నారు. గుమాస్తాలు లెక్కపెట్టి సుమారు 19 లక్షలే అని తేల్చారు. పైగా విక్టోరియా రాణి పేరుతో, 'పగ్‌నోజ్' (చప్పిడి ముక్కు) అనే పేరుతో కూడా సంతకాలు దొరికాయి. 19 లక్షలంటే మాటలా! కానీ లోకం నవ్వింది ఆ దొంగ పేర్లను చూసి. మా పిల్లి బొమ్మకు ఆ అవకాశం ఇవ్వదల్చుకోలేదు.

పిటిషన్ ఇచ్చిన రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు నకళ్ళు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకున్నాను. ఇది మాత్రం మర్చిపోవద్దు. ఆ నంబరు లేకపోతే తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా మొదటిసారి వెళ్ళినట్టే.

తర్వాత నాలుగు నెలలు ఎదురుచూపు. మూడు వారాలకోసారి ఆ నంబరు రాసి, మర్యాదగా, రెండు వాక్యాల ఉత్తరం పంపేదాన్ని. మధ్యలో 602 ఏ మూలకని దిగులేసేది. అలాంటప్పుడు రెండు సంగతులు నన్ను నిలబెట్టాయి. 2019లో బ్రిటన్‌లో ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగడం రద్దు చేయమని పెట్టిన పిటిషన్‌కు 60 లక్షలకు పైగా సంతకాలొచ్చాయి. అక్కడ 10 వేలు దాటితే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే పార్లమెంటులో చర్చకు పరిశీలిస్తారు. చర్చ జరిగింది, పని జరగలేదు. అదే స్కాట్లండ్ పార్లమెంటులో సంతకాల హద్దు ఏమీ లేదు. శస్త్రచికిత్సల్లో యోని ద్వారా అమర్చే మెష్ అనే సన్నని వల కారణంగా బాధలు పడ్డ మహిళలు 2014లో అక్కడ పిటిషన్ వేసి, కమిటీ ముందు కూర్చుని తమకేమైందో చెప్పారు. ఏళ్ళు పట్టింది కానీ, 2018లో ఆ మెష్ వాడకాన్ని అక్కడి ప్రభుత్వం నిలిపేసింది. ఒకరికి అరకోటి దాటి సంతకాలున్నాయి, ఇంకొకరికి కమిటీ ముందు ఒక కుర్చీ దొరికింది.

మా పిటిషన్ విన్న కమిటీ ముందు మాకూ ఆ కుర్చీ దొరికింది, మూడు నిమిషాల పాటు. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. రాసుకున్నదంతా చదవకుండా స్టాప్‌వాచ్ నొక్కి, "ఇప్పుడు మా అమ్మ రోడ్డు దాటుతోందనుకోండి" అని ఊరుకున్నాను. 12 సెకన్లకు చెయ్యెత్తి, "ఇక్కడ ఎర్ర బొమ్మ పడింది" అన్నాను. 19 దగ్గర ఆపాను. ఆ గదిలో ఆ ఏడు సెకన్లు ఎంత పొడుగున్నాయో అక్కడున్నవాళ్ళకే తెలుసు. ఒక సభ్యుడు ట్రాఫిక్ ఆలస్యం గురించి అడిగాడు. మీట ఏర్పాటు సంగతి చెప్పాను. బండి ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మొదలుపెట్టిన 11 నెలలకు టైం మార్చారు. 20 అడిగితే 18 ఇచ్చారు. పక్క రోడ్డు సిగ్నల్‌తో కుదరాలంటే అంతకుమించి కుదరదట. మీట మాత్రం పెట్టారు. టైం మార్చినట్టు మాకొచ్చిన ఉత్తరం పంపితే ఇంజనీరు గారు "18 కూడా పుస్తకంలో లేని అంకేనమ్మా" అన్నారు.

పుస్తకం సంగతి వేరే. దాని కోసం జాతీయ స్థాయిలో పెట్టిన రెండో పిటిషన్ గడువు ముగిసేసరికి చర్చకు కావాల్సిన సంఖ్యలో పదో వంతు కూడా రాలేదు. నేను రాసింది అలాగే ఉంది మరి. 'నడక వేగ ప్రమాణం' అంటే ఎవరు ఆగి చదువుతారు? అయితే ప్రమాణాల ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు అడిగే గడువు తెరిచి ఉందని ఆ తిరుగుడులోనే తెలిసింది. అక్కడ సంతకాల సంఖ్యతో పనిలేదు. రెండు పేజీల అభ్యంతరం రాసి, మా 163 మంది పట్టిక జతచేసి పంపాను. ఇంకో రెండు ఊళ్ళవాళ్ళు తమ కూడళ్ళలో ఇలాగే లెక్కలు తీసి పంపుతామన్నారు. వాళ్ళకు మా ఖాళీ పట్టిక ఇచ్చాను, ఫోన్ నంబరు గడి లేకుండా.

అమ్మ ఇప్పుడు మీట నొక్కి, పచ్చ బొమ్మ కోసం నిలబడుతుంది. చివరి అడుగు ఇంకా ఎర్ర బొమ్మలోనే వేస్తుంది. "ఆ రెండు సెకన్లు ఎవరు కొట్టేశారే?" అని మొన్న అడిగింది.