ఆ రాడార్ బొమ్మ ఎప్పటిది?

విమానాలకి కావాల్సిన వాతావరణ డేటా ఫీడ్లు (ఆగకుండా వచ్చే సమాచారం) కలిపి ఒకే తెరమీదికి తేవడం నా పని. ఉండేది అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. ఇక్కడి మనవాళ్ళు రోజూ తిరిగే హైవే 114 మీదే, 1985 ఆగస్టు 2 సాయంత్రం, డల్లాస్-ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టులో దిగబోతున్న డెల్టా 191 విమానం ఒక కారుని ఢీకొంది. 137 మంది చనిపోయారు. ఉరుముల మేఘం నుంచి గాలి బిందె బోర్లించినట్టు కిందికి దూకింది. దాన్నే మైక్రోబర్స్ట్ అంటారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఆ మేఘాన్ని ముందే చూసినవాళ్ళు ఉన్నారన్న సంగతి. స్టీఫెన్‌విల్ వాతావరణ రాడార్ దగ్గరున్న ఉద్యోగి చూసి, ఫోర్ట్‌వర్త్ ఫోర్‌కాస్ట్ ఆఫీసుకి ఫోన్ చేశారు. ఆ మాట కాక్‌పిట్‌కి చేరలేదు. మెరుపులు కనిపిస్తున్నా పైలట్లు ముందుకెళ్ళడంతో పాటు, విండ్ షియర్ (గాలి వేగం, దిశ ఒక్కసారిగా మారిపోవడం) గురించి అప్పటికప్పుడు కచ్చితమైన సమాచారం అందకపోవడం కూడా కారణమని అమెరికాలో ప్రమాదాల మీద దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

తర్వాత ఎయిర్‌పోర్టుల దగ్గర గాలి కదలికని పసిగట్టే టెర్మినల్ డాప్లర్ రాడార్లు వచ్చాయి. ఎంఐటీ లింకన్ ల్యాబ్ రూపొందించిన ఐటీడబ్ల్యూఎస్ అనే వాతావరణ వ్యవస్థ ఎన్నో సెన్సర్ల డేటాని కలుపుతుంది. టవర్, అప్రోచ్ కంట్రోల్, ఎయిర్‌లైన్స్ అన్నీ ఒకే బొమ్మ చూస్తాయి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇప్పుడు దాన్ని స్విమ్ అనే తన డేటా నెట్‌వర్క్ ద్వారా పంపుతోంది. అమెరికాలో ఎయిర్‌లైన్ విమానం బయలుదేరాలా వద్దా అన్న బాధ్యత కెప్టెన్‌కీ, నేల మీదినుంచి ఆ ప్రయాణాన్ని ప్లాన్ చేసి కనిపెట్టుకుని ఉండే డిస్పాచర్‌కీ సమానం. ఇద్దరి ముందూ వేర్వేరు బొమ్మలుంటే టెన్షన్ తప్ప నిర్ణయం రాదు.

అందరికీ ఒకే బొమ్మ ఇస్తే సరిపోదు, అది ఎంత పాతదో కూడా చెప్పాలి. చాలా రాడార్ల స్కాన్లు కలిపి కుట్టిన బొమ్మ మీద పడే టైము కుట్టినప్పటిది, ఆకాశాన్ని చూసినప్పటిది కాదు. ఒక్కోసారి కాక్‌పిట్ తెర చూపించే వయసు కంటే అసలు డేటా 15-20 నిమిషాలు ఎక్కువ పాతది కావచ్చని 2012లో ఎన్‌టీఎస్‌బీ హెచ్చరించింది. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో కదిలే ఉరుముల మేఘం ఆ 20 నిమిషాల్లో 20 కిలోమీటర్లు జరిగిపోతుంది!

అందుకే ప్రతి మీటింగ్‌లో పట్టుబడతాను: చూసిన టైము, కుట్టిన టైము, మనకి చేరిన టైము విడివిడిగా ఉండాలి, తెరమీద మొదటిదే కనపడాలి. 2020 నవంబరు నుంచి అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో ప్రమాణమైన ఐడబ్ల్యూఎక్స్ఎక్స్ఎం అనే డేటా ఫార్మాట్‌లో మెటార్‌కి (ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదిక) చూసిన టైము, విడుదల టైము వేర్వేరు గడుల్లోనే ఉంటాయి. రాడార్ బొమ్మలకీ ఆ పద్ధతే కావాలంటాను.

ఫీడ్ ఆగితే తెర ఖాళీ చెయ్యాలని నా మొదటి వాదన. డిస్పాచర్లు ఒప్పుకోలేదు, ఏమీ లేకపోవడం కంటే పాత బొమ్మే నయమన్నారు. వాళ్ళ మాటలో న్యాయముంది. ఇప్పుడు బొమ్మ ఉంచుతున్నాం, దానికి అడ్డంగా "18 నిమిషాల కిందటిది" అని పెద్ద అక్షరాల్లో వేస్తున్నాం.