బోల్టు ఉండవలసిన చోట బాండెడ్ కాంటాక్ట్

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు డిజైన్ విశ్లేషణ పనిలో ఉన్న తెలుగువాళ్లం కలిసినప్పుడు మెష్ (కంప్యూటర్ లెక్క కోసం భాగాన్ని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టిన వల) నాణ్యత గురించి ఎంతసేపైనా వాదించుకుంటాం గానీ, రెండు భాగాలను ఎలా కలిపామన్న మాట అరుదుగా వస్తుంది. నా అభిప్రాయంలో ఫలితాన్ని ఎక్కువగా మార్చేది ఆ రెండోదే.

ఆన్సిస్ మెకానికల్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లోకి అసెంబ్లీని తెచ్చుకున్నప్పుడు, ఆనుకొని ఉన్న ముఖాల మధ్య మామూలుగా బాండెడ్ కాంటాక్ట్ దానంతట అదే ఏర్పడుతుంది. అలా అతికిన ముఖాలు జారవు, విడిపోవు. కాబట్టి బోల్టు మీదుగా పోవలసిన బలం ముఖమంతటా పాకిపోతుంది, సహజ పౌనఃపున్యం ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. 8.8 గ్రేడు ఎం10 బోల్టునే తీసుకుందాం: ప్రూఫ్ బలం (శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకోగల ఒత్తిడి) 580 మెగాపాస్కల్స్, లెక్కకు వచ్చే వైశాల్యం 58 చదరపు మిల్లీమీటర్లు, ప్రూఫ్ బలంలో 75 శాతం దాకా బిగిస్తే దాదాపు 25 కిలోన్యూటన్ల బిగింపు. ఆ బిగింపు ప్లేట్లను గట్టిగా నొక్కేది బోల్టు తల కింద శంకువులా పరుచుకున్న కొద్దిపాటి మేరలోనే. అందుకే కంపన విశ్లేషణలో బాండెడ్ వాడక తప్పనప్పుడు దానిని రంధ్రం చుట్టూ ఆ మేరకే పరిమితం చేస్తాను. బోల్టులోని బలమే కావాలంటే మాత్రం మొదటి దశలో బిగించి, రెండో దశలో ఆ బిగింపును లాక్ చేసి బయటి లోడు వేసి, ముఖాల మధ్య ఘర్షణ కాంటాక్ట్ పెట్టవలసిందే; లెక్క చాలాసేపు నడుస్తుంది, అయినా దానికి దగ్గరిదారి లేదు.

బోల్టును సన్నని గీతలాంటి బీమ్‌గా చూపేవారు దాని కొసను రంధ్రపు అంచుకు ఏమాత్రం వంగని అనుసంధానమైన ఆర్‌బీఈ2తో కలిపితే ఆ అంచు సాగడం మానేస్తుంది. అదే పనికి వాడే మరో అనుసంధానమైన ఆర్‌బీఈ3 బలాన్ని పంచుతుందే తప్ప దృఢత్వాన్ని చేర్చదు. రెంటిలో ఏది వాడినా అంచు పక్కనున్న ఒత్తిడి అంకెలను నేను నమ్మను.

ఇక షెల్ (పలచని ప్లేటును ఉపరితలంగా చూపే ఎలిమెంటు), సాలిడ్ (భాగాన్ని ఘనంగా చూపే ఎలిమెంటు) కలిసే చోటు. షెల్ నోడుకు (ఎలిమెంట్లు కలిసే బిందువుకు) భ్రమణాలతో కలిపి ఆరు కదలిక స్వేచ్ఛలుంటే సాలిడ్ నోడుకు మూడే ఉంటాయి కనుక, ఒకే సరళరేఖ వెంట నోడ్లను కలిపి వదిలేస్తే ఆ ప్లేటు మడతబందులా తిరుగుతుంది. ఏ ఆధారమూ లేకుండా మోడల్ (modal, అంటే సహజ పౌనఃపున్యాలను లెక్కించే) విశ్లేషణ నడిపితే ఈ లోపం బయటపడుతుంది: సున్నాకు దగ్గరగా ఆరు పౌనఃపున్యాలే (వస్తువు మొత్తంగా కదిలే, తిరిగే ఆరు తీరులవి) రావాలి, ఏడోది వచ్చిందంటే ఎక్కడో అతుకు వదులైంది. అప్పుడు షెల్‌ను సాలిడ్ ముఖం మీద ఒకటి రెండు ఎలిమెంట్ల వెడల్పున పరిచి కలపడమో, సాఫ్ట్‌వేర్‌లో ఉంటే షెల్-సాలిడ్ కప్లింగ్ వాడడమో చేసి, అదే పరీక్షను మళ్లీ నడపాలి.